2 కోట్ల క్లైమేట్ నిధిని అధ్యాపక బృందాలకు ఎలా పంచాలి?

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. హైదరాబాద్‌లోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయానికి పూర్వ విద్యార్థులు కొంత, ఒక కంపెనీ సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత ఖర్చు) కింద కొంత, మొత్తం 2 కోట్లు ఇస్తున్నారు. మూడేళ్లలో ఖర్చు పెట్టాలి. వాతావరణ మార్పు, సుస్థిరత సమస్యల మీద వేర్వేరు డిపార్ట్‌మెంట్ల అధ్యాపకులు కలిసి పనిచేస్తేనే ఇవ్వాలన్నది వీసీ గారి షరతు. ఒకటి రెండు పెద్ద బృందాలకు ఇవ్వాలా, పదిమందికీ తలా కొంత పంచాలా, ఎంపిక ఎవరితో చేయించాలి అని డీన్ ఆఫీసు నుంచి ఒక మేడం అడిగారు.

మేడం, మీరు కూర్చున్నలాంటి కుర్చీలోనే నేనూ చాలాకాలం కూర్చున్నాను. ఇలాంటి ప్రొపోజల్స్‌ని ఎంపిక చేసే కమిటీల్లోనూ ఉన్నాను. రిటైరయ్యాను కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను. పెద్దవా చిన్నవా అన్నది రెండో ప్రశ్న. ఆ డబ్బు దేని మీద ఖర్చవుతుందన్నది మొదటిది. నా సలహా ఒక్కటే: ప్రతి బృందంలో రెండు డిపార్ట్‌మెంట్లకు ఉమ్మడిగా చెందిన రీసెర్చ్ స్కాలర్ ఒకరు ఉండాలి, ముందు ఆ మనిషికి డబ్బు పక్కన పెట్టాలి. మిగతాదంతా దాని తర్వాతే.

ఎందుకంటే, నిధి ప్రకటించగానే బృందాలు ఎలా పుడతాయో మీకూ తెలుసు. చివరి తేదీకి నాలుగు రోజుల ముందు సివిల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ గారు ఎకనామిక్స్ వాళ్లకు ఫోన్ చేసి, "సార్, మీ పేరు పెడుతున్నాను, ఒక పేరా రాసి పంపండి" అంటారు. ఆ పేరా వస్తుంది, పేరు పడుతుంది, డబ్బు వస్తుంది. అక్కడి నుంచి ఎవరికి వారే యమునా తీరే. చివర్లో రెండు విడి రిపోర్టులు ఒకే అట్ట కింద బైండింగ్ అవుతాయి. ప్రొఫెసర్లను తప్పుపట్టి లాభం లేదు. వాళ్లకు క్లాసులు, పేపర్ వాల్యుయేషన్లు, న్యాక్ గుర్తింపు ఫైళ్లు ఉంటాయి. వారంవారం కలవమంటే కలవలేరు. స్కాలర్ అయితే తన థీసిస్ కోసం ఇద్దరు గైడ్ల గదులకూ తిరగక తప్పదు. ఈ గదిలో విన్నది ఆ గదిలో చెప్పాలి, ఇద్దరికీ కుదరనప్పుడు ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టాలి. నేను చూసినంతలో, నిధులు అయిపోయాక కూడా నిలబడిన బృందాలన్నిటిలో ఇలాంటి స్కాలర్ ఒకరు ఉన్నారు.

యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనలు వేరే డిపార్ట్‌మెంటు నుంచీ, వేరే సంస్థ నుంచీ కూడా కో-గైడ్‌ను పెట్టుకోనిస్తాయి. కాబట్టి అడ్డంకి నిబంధనల్లో లేదు. సీటు ఏ డిపార్ట్‌మెంటు లెక్కలో పడుతుంది, కోర్సువర్క్ ఎక్కడ, డిగ్రీ ఏ సబ్జెక్టులో అన్న చోటే ఫైల్ ఆగిపోతుంది. ఒక్కో ప్రొఫెసర్‌ కింద ఎనిమిది మంది స్కాలర్లు, అసోసియేట్‌కు ఆరుగురు, అసిస్టెంట్‌కు నలుగురు అని పరిమితి ఉంది కదా, తన సీటు వదులుకోవడానికి ఎవరూ ముందుకు రారు. బృందాల నుంచి ప్రొపోజల్స్ కోరే ముందే ఈ మూడు విషయాల మీద అకడమిక్ కౌన్సిల్ నుంచి ఒక తీర్మానం తెచ్చుకోండి. డబ్బు వచ్చాక తెద్దామంటే మొదటి ఏడాది దానికే పోతుంది.

స్కాలర్ ఖర్చు లెక్క చూద్దాం. 2023లో సవరించిన రేట్ల ప్రకారం జేఆర్‌ఎఫ్, అంటే మొదటి రెండేళ్ల జూనియర్ ఫెలోషిప్, నెలకు 37,000, ఆ తర్వాతి సీనియర్ ఫెలోషిప్ ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000. ఇంటి అద్దె భత్యం కలిపితే మొదటి రెండేళ్లూ ఏడాదికి ఐదున్నర నుంచి ఆరు లక్షల మధ్య తేలుతుంది. అయితే పీహెచ్‌డీ మూడేళ్లలో ముగియదు, మీ నిధి మూడేళ్లకే ముగుస్తుంది. మధ్యలో వదిలేస్తే ఆ పిల్లో పిల్లాడో రోడ్డున పడతారు. అందుకని యూజీసీ జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్లు దొరికితే ముందు వాళ్లను తీసుకోండి. వాళ్ల ఫెలోషిప్ ఐదేళ్లు నడుస్తుంది, మీ డబ్బు ఫీల్డ్‌వర్క్‌కు మిగులుతుంది. అలాంటివాళ్లు దొరకకపోతే, మూడేళ్ల తర్వాత ఆ స్కాలర్‌ను ఎవరు చూసుకుంటారో బృందం రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పలేని బృందానికి నేనైతే ఇవ్వను.

ఇక ఎంత, ఎందరికి అన్న ప్రశ్న. బయట రెండు రకాల నమూనాలు ఉన్నాయి. మిషిగన్ విశ్వవిద్యాలయం 2012లో ఎమ్‌క్యూబ్డ్ అని ఒకటి మొదలుపెట్టింది. ఒక్కో అధ్యాపకుడి పేరిట 20,000 డాలర్ల టోకెన్ ఉండేది. కనీసం రెండు విభాగాలకు చెందిన ముగ్గురు తమ టోకెన్లు కలిపితే 60,000 డాలర్లు, దానితో ఒక విద్యార్థినో, పీహెచ్‌డీ అయిన పరిశోధకుడినో (పోస్ట్‌డాక్) పెట్టుకునేవారు. పెద్ద రివ్యూ ఏమీ ఉండేది కాదు, ముగ్గురూ ఒప్పుకోవడమే రివ్యూ. ఎంఐటీ క్లైమేట్ గ్రాండ్ చాలెంజెస్ దీనికి పూర్తిగా వేరు. 2020లో పిలుపు ఇస్తే దాదాపు 100 ఆలోచనలు వచ్చాయి. వాటిలో 27 ఎంచి, పూర్తి ప్రణాళిక రాసుకోవడానికి ఒక్కో బృందానికి లక్ష డాలర్లు ఇచ్చారు. 2022 ఏప్రిల్‌లో చివరికి ఐదింటిని ప్రకటించారు. వాళ్ల ఖజానా మనకు లేదు, దాన్ని అలాగే అనుకరించే పని పెట్టుకోవద్దు. కానీ ఒక్క విషయం మాత్రం తీసుకోదగ్గది. ప్రాజెక్టుకు ముందు, ప్రశ్న ఏమిటో తేల్చుకోవడానికి విడిగా డబ్బూ సమయమూ ఇవ్వడం.

మీ 2 కోట్లతో నేనైతే ఇలా చేస్తాను. మొదటి ఆరు నెలలకు ఎనిమిది బృందాలు, ఒక్కోదానికి 3 లక్షలు, అంటే 24 లక్షలు. ఆరు నెలల తర్వాత వాటిలో నాలుగింటిని ఎంచి, మిగిలిన రెండున్నరేళ్లకు ఒక్కోదానికి 36 లక్షలు, అంటే 144 లక్షలు. ఇందులో స్కాలర్‌కు దాదాపు 15 లక్షలు పోతే మిగతాది ఫీల్డ్ సిబ్బంది, పరికరాలు, ప్రయాణాలు, అనువాదం. మిగిలిన 32 లక్షల్లో నాలుగు బృందాలకూ కలిపి ఒక కోఆర్డినేటర్‌ను పెట్టండి. నెలకు 60,000 ఇస్తే మూడేళ్లకు 21.6 లక్షలు. డేటా దాచడం, బిల్లులు, అనుమతుల కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం, తర్వాతి గ్రాంటు రాయడం ఆయన పని. ఈ పోస్టు దండగని ఫైనాన్స్ ఆఫీసర్ కచ్చితంగా అంటారు. పట్టు విడవకండి. ఆ మనిషి లేకపోతే ఆ పనంతా స్కాలర్ నెత్తిన పడుతుంది. చివర మిగిలే 10 లక్షలు ముట్టుకోకుండా ఉంచండి, ఏదో ఒకటి చెడిపోతుంది.

మొదటి ఆరు నెలలు ఏం చేయాలి అంటారేమో. మనకు బాగా తెలిసిన ఉదాహరణే తీసుకుందాం, ఎండ. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2028 నాటికి హైదరాబాద్‌లో 200 చదరపు కిలోమీటర్లు, మిగతా రాష్ట్రంలో 100 చదరపు కిలోమీటర్ల కప్పులు, ఎండను వెనక్కి కొట్టే పూతల్లాంటి వాటితో, చల్లబరచాలని లక్ష్యం. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు, 600 గజాలు ఆపైన స్థలమున్న నివాసాలకు తప్పనిసరి. అంతకన్నా చిన్న ఇళ్లకు ఇష్టమైతేనే. అంటే ఎండ ఎక్కువగా తగిలే రేకుల ఇల్లు ఆ ఇష్టమైతేనే అన్న వర్గంలోకి వస్తుంది. దీని మీద సివిల్ వాళ్లను ఒంటరిగా వదిలితే, పూత వేశాక కప్పు ఉష్ణోగ్రత ఎంత తగ్గిందో కొలుస్తారు. అది ఇప్పటికే చాలామంది కొలిచిన సంగతి. వైద్యుడు వస్తే, పగలు సంగతి సరే, రాత్రి గది చల్లబడుతోందా, గోడల్లో దాగిన వేడి తెల్లవారేదాకా వదలకపోతే ఒంటికి విశ్రాంతి ఎక్కడిది అని అడుగుతాడు. సోషియాలజీ ఆమె వస్తే, పగలంతా ఆ గదిలో ఉండేది ఎవరు, ఇంట్లో కూర్చుని మిషను కుట్టే ఆడవాళ్లు కదా, వాళ్ల ఆదాయం మే నెలలో ఎంత పడిపోతోంది అంటుంది. ఎకనామిక్స్ వాళ్లు, అది అద్దె ఇల్లు, పూత ఖర్చు ఓనర్ ఎందుకు పెడతాడు, పెడితే అద్దె పెంచడా అంటారు. దుమ్ము పట్టిన తెల్ల పూత రెండో వేసవికి ఎంత పనిచేస్తుందన్నది మళ్లీ సివిల్ వాళ్ల దగ్గరికే వస్తుంది, ఈసారి మెరుగైన ప్రశ్నగా.

ఈ ప్రశ్నలన్నీ ఒక బల్ల దగ్గర ఒక్క మధ్యాహ్నంలో పుట్టవు. నలుగురూ కలిసి బస్తీకి నాలుగైదుసార్లు వెళ్లాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, సమ్మతి పత్రం తెలుగులో, పాతబస్తీలో అయితే ఉర్దూలో కూడా ఉండాలి. జీహెచ్‌ఎంసీలో ఈ విధానం అమలు చూసే అధికారి ఎవరో కనుక్కుని, మీకు ఏం తెలిస్తే ఉపయోగం అని అడగాలి. 3 లక్షలు వీటికోసమే. ఆరు నెలల చివర బృందం ఇచ్చేది పెద్ద రిపోర్టు కానక్కర్లేదు. నాలుగు పేజీల్లో ప్రశ్న ఇది, జవాబు వస్తే వాడుకునేది వీళ్లు, మాలో ఎవరు లేకపోతే ఈ పని జరగదో ఇదిగో అని రాస్తే చాలు. ఆ మూడోది జాగ్రత్తగా చదవండి. ఒక డిపార్ట్‌మెంటును తీసేసినా పని అలాగే నడిచేటట్టు ఉంటే అది పేరుకే ఉమ్మడి.

వరదల మీద, మూసీ మీద కూడా ప్రొపోజల్స్ తప్పకుండా వస్తాయి. 1908 సెప్టెంబర్ వరద తర్వాతే కదా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి, ఆ కథ మొదటి పేజీలో ఉంటుంది. అక్కడ మీరు చూడాల్సింది కొత్తగా డేటా పుట్టిస్తామంటున్నారా, ఉన్నదాన్ని కలుపుతామంటున్నారా అని. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్ల వాన పడిందని చెప్పగలిగామంటే రాష్ట్ర ప్రణాళికా సొసైటీ ఆటోమేటిక్ వాతావరణ స్టేషన్లు ఉండబట్టే. బాలానగర్‌లో ఉపగ్రహ చిత్రాల సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉంది, బేగంపేటలో వాతావరణ శాఖ ఉంది. సంతోష్‌నగర్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రిడాలో 2011 నుంచి వాతావరణ మార్పును తట్టుకునే సాగు మీద నిక్రా పథకం నడుస్తోంది, మెట్ట సాగు మీద ఎవరు ప్రొపోజల్ పెట్టినా ముందు అక్కడికి వెళ్లి మాట్లాడి రమ్మనండి. పటాన్‌చెరులో 1972 నుంచి మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిసాట్ ఉంది. తార్నాక నుంచి ఉప్పల్ దాకా ఒక్క రోడ్డు మీద పోషకాహారానికి ఎన్ఐఎన్, రసాయన శాస్త్రానికి ఐఐసీటీ, జీవశాస్త్రానికి సీసీఎంబీ, భూభౌతిక శాస్త్రానికి ఎన్‌జీఆర్‌ఐ వరుసగా ఉన్నాయి. ఇన్ని సంస్థలున్న ఊళ్లో ఉండి, ప్రతి ప్రొపోజల్‌లో కొత్త ల్యాబ్ అడగడం నాకు నచ్చదు. పరికరాల ఖర్చుకు మొత్తంలో పావు వంతు గరిష్ఠం అని పెట్టండి.

ఎంపిక సంగతి. 2016లో నేచర్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఆస్ట్రేలియా రీసెర్చ్ కౌన్సిల్‌కు ఐదేళ్లలో వచ్చిన 18 వేల పైచిలుకు ప్రొపోజల్స్‌ని పరిశీలిస్తే, కలిసిన సబ్జెక్టుల మధ్య దూరం పెరిగిన కొద్దీ నిధి దక్కే అవకాశం తగ్గిందని తేలింది. దానికి నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. కమిటీలో హైడ్రాలజీ ఆయన హైడ్రాలజీ భాగమే చదివి "ఇందులో కొత్తేముంది" అంటాడు, ఆంత్రోపాలజీ ఆమె తన భాగం చదివి "పలచగా ఉంది" అంటుంది. ఇద్దరి మార్కులూ సగటు తీస్తే, ఒకే సబ్జెక్టులో గట్టిగా రాసింది గెలుస్తుంది. మీరు మార్కుల షీటు తీసేయండి. ఐదుగురి కమిటీ చాలు. ఇద్దరు మీ విశ్వవిద్యాలయం బయటి పరిశోధకులు, ఇద్దరు ఫలితాన్ని వాడుకునేవాళ్లు, అంటే మున్సిపల్ ఇంజనీరో వ్యవసాయ అధికారో. ఒకరు లోపలి మనిషి. బృందాలను పిలిచి ముప్పావుగంట మాట్లాడించండి, నాయకుడు ఒక్కడే మాట్లాడితే మిగతావాళ్లను అడగండి. పావుగంటలో తెలిసిపోతుంది, వీళ్లు కలిసి ఆలోచించారా, పేరాలు అతికించారా అని.

ఇప్పుడు జూనియర్ అధ్యాపకుల టెన్షన్ గురించి. యూజీసీ 2018 నిబంధనల్లోని రీసెర్చ్ స్కోరు పట్టిక ప్రకారం సైన్స్ పేపర్‌కు 8 పాయింట్లు. ఇద్దరు రాస్తే చెరి 70 శాతం, అంటే 5.6. ఇద్దరికి మించితే మొదటి లేదా కరస్పాండింగ్ (పత్రికతో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపే) రచయితకు 70 శాతం, మిగతా ఒక్కొక్కరికీ 30 శాతం, అంటే 2.4. ప్రొఫెసర్ పోస్టుకు నేరుగా దరఖాస్తు చేయాలంటే 120 పాయింట్లు కావాలి. ఐదుగురి పేపర్‌లో నాలుగో పేరుగా ఉండే అసిస్టెంట్ ప్రొఫెసర్ ఈ లెక్క వేసుకుని వెనక్కి తగ్గితే తప్పు ఆ అమ్మాయిది కాదు. ఈ పట్టికను మీరు మార్చలేరు. కానీ రెండు పనులు మీ చేతిలో ఉన్నాయి. ఏ పేపర్‌కు ఎవరు మొదటి పేరో, ఎవరు కరస్పాండింగో బృందం మొదట్లోనే రాసి సంతకాలు పెట్టాలి. రెండోది, అదే పట్టికలో ఉమ్మడి ప్రాజెక్టుకు ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్‌కూ (ప్రాజెక్టు నాయకుడు) కో-ఇన్వెస్టిగేటర్‌కూ పాయింట్లు చెరి సగం అని ఉంది. అందుకని ఏడుగురి పేర్లు పెట్టనివ్వకండి. ఇన్వెస్టిగేటర్లుగా రెండు డిపార్ట్‌మెంట్ల నుంచి ఇద్దరు, వాళ్లలో ఒకరు తప్పనిసరిగా జూనియర్. మిగతావాళ్లు బృంద సభ్యులుగా ఉంటారు. ఏటా ఒక సబ్జెక్టు బోధన నుంచి వాళ్లకు మినహాయింపు ఇప్పించగలిగితే ఇంకా మంచిది, గెస్ట్ ఫ్యాకల్టీకయ్యే ఖర్చు తక్కువే.

డబ్బు రెండు చోట్ల నుంచి వస్తోంది కాబట్టి రెండు ఖాతాలు వేరుగా ఉంచండి. కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో 2020 మార్పు తర్వాత, ప్రభుత్వ నిధులతో నడిచే విశ్వవిద్యాలయాల్లో సుస్థిర అభివృద్ధి లక్ష్యాల కోసం జరిగే పరిశోధనకు సీఎస్‌ఆర్ ఇవ్వొచ్చు. కానీ ఆ వాక్యంలో ఉన్నవి సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, వైద్యం. సామాజిక శాస్త్రాల ఊసు లేదు. రేపు కంపెనీ ఆడిటర్ ఇంటింటి సర్వే బిల్లు చూపించి ఇదేమిటంటే జవాబు చెప్పలేక తంటాలు పడాలి. పూర్వ విద్యార్థుల డబ్బును సోషియాలజీ, ఎకనామిక్స్, భాషల వైపు ఖర్చులకు కేటాయించండి, కంపెనీ డబ్బును ల్యాబూ పరికరాలూ ఉన్న వైపు పెట్టండి. ఒప్పందంలో ఇంకొక మాట కూడా రాయించుకోండి: ఫలితం ఎలా వచ్చినా ప్రచురించే హక్కు విశ్వవిద్యాలయానిదే. పరిశ్రమ డబ్బుతో మూసీ నీళ్లు పరీక్షించే బృందానికి ఈ మాట కాగితం మీద ఉండాలి. జీఎస్టీ గురించి కంపెనీ వాళ్లు అడిగితే, 2024 సెప్టెంబర్‌లో 54వ కౌన్సిల్ సమావేశం చేసిన సిఫార్సుతో, చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయాలకు వచ్చే పరిశోధన గ్రాంట్లకు, ప్రైవేటువైనా సరే, మినహాయింపు వచ్చింది. ఆ నోటిఫికేషన్ కాపీ ఫైల్లో పెట్టుకోండి.

తర్వాతి డబ్బు గురించి ఇప్పుడే ఎక్కువ ఆలోచించక్కర్లేదు. పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర సంస్థ ఎస్‌ఈఆర్‌బీ స్థానంలో వచ్చిన ఏఎన్‌ఆర్‌ఎఫ్‌కు పెయిర్ అనే పథకం ఉంది, ఒక పెద్ద సంస్థ (హబ్) మిగతా విశ్వవిద్యాలయాలను కలుపుకుని పరిశోధన చేసే పథకం. అందులో హెచ్‌సీయూ ఒక హబ్. సామాజిక శాస్త్రాల వాళ్లకు ఐసీఎస్‌ఎస్‌ఆర్ ఉంది. రెండేళ్ల పని చేతిలో ఉంటే ఆ తలుపులు తట్టడం మీ కోఆర్డినేటర్‌కు కష్టం కాదు.

ఆఖరుగా తేదీలు. చాలాచోట్ల ఇలాంటి ప్రకటన ఫిబ్రవరి, మార్చిల్లో వస్తుంది, ఆర్థిక సంవత్సరం ముగుస్తోందన్న తొందరలో. ఎండ మీద పనిచేసే బృందానికి అది పూర్తిగా అనర్థం. సెన్సర్లు కొని బిగించేలోపు జూన్ వచ్చి వాన పడుతుంది, ఒక ఏడాది పోయినట్టే. జూలైలో పిలవండి. ఆగస్టుకల్లా ఎనిమిది బృందాలకు 3 లక్షలు చేరాలి, జనవరి చివరికి నాలుగింటి ఎంపిక అయిపోవాలి, ఫిబ్రవరిలో సెన్సర్లు రేకుల కింద ఉండాలి. వరద బృందానికైతే ఆ ఫిబ్రవరి నుంచి జూన్ దాకా నాలాల కొలతలకు సమయం దొరుకుతుంది. కొనుగోళ్ల టెండరుకు ఎంత కాలం పడుతుందో మీ స్టోర్స్ సెక్షన్‌ను ఇవాళే అడగండి. వాళ్లు చెప్పినదానికి ఇంకో నెల కలుపుకోండి.